నీటి తాళం

బసీతా మైదానంలో దాన్ని ఎవరూ విత్తరు.
ఎవరూ కలుపు తీయరు,
చాలామంది కళ్ళకు అదే కలుపు.
చలికాలంలో నాలుగు చినుకులు రాలితే
నల్లరాళ్ళ సందుల్లోంచి లేస్తుంది.
జానెడు ఎత్తు, చిటికెనవేలంత ఆకులు,
ఆకు నిండా ఉప్పునీటి బొబ్బలు.
పేరు సమ్హు.
ఎండలు ముదిరేసరికి ఎర్రబడి, పెళుసెక్కి,
చచ్చిపోతుంది.
ఒక్క ఏడాది బతుకు. అందులోనూ సగం ఎదురుచూపే.

అడగందే అమ్మయినా పెట్టదంటారు.
ఇది పెడుతుంది.
కాకపోతే మూటకు ముడి వేసి మరీ చేతికిస్తుంది.

గింజలుండేది శనగగింజంత బుడిపెల్లో.
ఎండినకొద్దీ బిగుసుకుంటాయవి.
రాయి పెట్టి కొట్టు, గింజా పొట్టూ కలిసి దుమ్మవుతాయి.
గోటితో గిల్లు, గోరు విరుగుతుంది.
నీళ్ళు పొయ్యి,
పొయ్యి రాజుకునేంత సేపు కూడా పట్టదు,
పిట్టపిల్ల నోరు తెరిచినట్టు
అయిదు వైపులా విచ్చుకుని
ఇటుకరంగు గింజల్ని అడుక్కు వదిలేస్తుంది.

ఇదంతా మా నానమ్మ మిజ్నా నాకు చెప్పింది
సకాకాలో, మా వంటింట్లో,
కుళాయి కింద స్టీలు గిన్నె పెట్టి.
మిజ్నా అంటే వానమబ్బు.
అంత పేరు పెట్టుకుని
ఎనభై ఏళ్ళలో చూసిన మంచి వానల్ని
వేళ్ళ మీద లెక్కపెడుతుంది, ఇంకా వేళ్ళు మిగులుతాయి.

అప్పుడామెకు పందొమ్మిది.
వరసగా మూడో ఏడు వాన ఎగ్గొట్టింది.
ఒంటెలు సగం పోయాయి,
మిగతావి పోవడానికి కూర్చున్నాయి.
గుడారం పక్క గోతిలో
మంచి ఏడాది దాచిన సమ్హు నడుంలోతు ఉంది.
తిండి ఉంది. దాన్ని తెరిచే నీళ్ళు లేవు.
తోలుతిత్తి అడుగున కాసిని,
నాలుక తడుపుకోవడానికి.
బావికి వెళ్ళిన సఫూగ్ ఇంకా రాలేదు.

ఆ తెల్లవారుజామున ముత్తాత ముత్లక్ పోయాడు.

స్నానం చేయించాలి.
అందరూ తిత్తి వైపు చూశారు,
చూడనట్టు చూశారు.
నానమ్మ అత్త ఫిద్దా లేచింది.
ఫిద్దా అంటే వెండి,
ఒంటి మీద వెండిపూస ఒక్కటీ మిగలని మనిషి.
రెండరచేతులూ నేలకు ఆనించి
మొగుడి మొహం నిమిరింది, చేతులు నిమిరింది.
నీళ్ళు కరువైన చోట మట్టే నీళ్ళు,
దేవుడు ఒప్పుకున్నదే.
పూడ్చి వచ్చాక, అవే చేతులతో
తిత్తి మూతి విప్పి
సమ్హు పోసిన తోలు మీదకు వంచింది.

కోడలి కళ్ళు తన మీదే ఉన్నాయని తెలుసు.
"పోయినవాడికి మట్టి చాలింది.
ఇది మట్టికి తెరుచుకోదు" అంది.

మిగిలిన నీళ్ళు మేకలు తాగాయి.
గింజల్ని వేయించి, తిరగలి తిప్పి,
ఖర్జూరాలతో పిసికి ముద్దలు చేశారు.
ఏడవాల్సిన రాత్రి
గుడారమంతా అయిదుగురు పిల్లలు నమిలే చప్పుడు.

"రుచిగా ఉందా?" అడిగాను నేను, తెలివితక్కువగా.
చాలాసేపు గిన్నెలోకి చూసింది.
"ఉంది" అంది. "అదే సిగ్గు."

ఇప్పుడు బసీతాలో గోధుమచేలు
పచ్చటి పళ్ళాల్లా గుండ్రంగా పరుచుకున్నాయి.
పాతాళం నుంచి నీళ్ళు తోడే ఇనుపచేతులు
పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి.
పళ్ళేనికీ పళ్ళేనికీ మధ్య, ఎవరికీ పట్టని మూలల్లో సమ్హు.
మే నెల రాగానే పికప్ తియ్యమంటుంది నన్ను.
మొన్న కాపలావాడు అడ్డమొచ్చి
మేకల మేతా అనడిగాడు.
అవునని, నన్ను చూపించింది.
"ఇదిగో మేక."

గిన్నె నిండింది. కుళాయి కట్టింది.
నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి
మళ్ళీ బిగించింది.
అడుగున ఒక్కటొక్కటిగా తెరుచుకుంటున్నాయి.

మా ఇంట్లో మేకల్లేవు.
గింజలు తీశాక మిగిలే ఆ మట్టిరంగు నీళ్ళను
ఏం చెయ్యాలో ఆమెకు ఇప్పటికీ తోచదు.
బకెట్లో పోసి వీధిగుమ్మం పక్కన పెడుతుంది.
తెల్లారేసరికి కాస్త తగ్గి ఉంటాయి.
ఎవరు తాగారో
మేమెప్పుడూ అడగం.